మా చెలకలో ఎర్ర జెండాలు: కింద గ్యాస్ పోతే పట్టాదారుకు ఏమొస్తది?

పత్తి ఏరుడు నడుస్తున్న రోజులు. ఆఫీసుకు పోతూ మెట్రోలో నిలబడి ఉన్నాను. నాయిన ఫోన్.

"బిడ్డా, మన చెలకల ఎవలో ఎర్ర జెండాలు పాతిండ్రు. గ్యాస్ అంటున్నరు. కింద గ్యాస్ ఉందా ఏంది? ఉంటే మనకేమన్న వస్తదా?"

మాది దంతాలపల్లి. ఊరి బయట మాకు రెండెకరాల చెలక ఉంది. అందులో రోడ్డుకు ఆనుకొని ఉన్న ఐదు గుంటలు అక్కకు ఇస్తానని నాయిన ఆమె పెళ్లప్పుడే మాటిచ్చాడు. బావ ఇంటి ప్లాన్ కూడా గీయించుకున్నాడు. జెండాలు సరిగ్గా ఆ పక్కనుంచే పోయాయి.

ఆ రాత్రి మీరైనా ఏం చేసేవాళ్లో నేనూ అదే చేశాను. ఫోన్ తీసి వెతికాను. "నీ పొలం కింద ఆయిల్ ఉంటే నువ్వు కోటీశ్వరుడివి" అనే వీడియోలు వరసగా వచ్చాయి. మొదటి ఆఫర్‌కు సంతకం పెట్టొద్దు, రాయల్టీ ఎనిమిదో వంతుకు తగ్గొద్దు, మినరల్ రైట్స్ అమ్ముకోవద్దు అని ఒక పెద్దమనిషి టోపీ పెట్టుకొని చెబుతున్నాడు. నేను సగం వీడియోలు చూసి నాయినకు ఫోన్ చేసి "రాయల్టీ అడుగుదాం" అని కూడా అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నా.

ఎందుకంటే ఆ టోపీ ఆయనది టెక్సస్. మనది తెలంగాణ.

అక్కడి కథ వేరు, ఇక్కడి కథ వేరు

అమెరికాలో చాలాచోట్ల భూమి ఎవరిదో దాని కింద ఉన్న చమురు, గ్యాస్ కూడా వాళ్లదే. పైన నేల ఒకరికి, కింద ఖనిజం మరొకరికి విడివిడిగా అమ్ముకోవచ్చు కూడా. అందుకే అక్కడ కంపెనీ వచ్చి యజమానితో లీజు రాసుకుంటుంది, అమ్మిన దాంట్లో వాటా ఇస్తుంది. ఆ వాటానే రాయల్టీ. పాత లెక్క ప్రకారం ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం.

మన దగ్గర చమురు, గ్యాస్ తవ్వకానికి లీజు ఇచ్చేది రైతు కాదు, ప్రభుత్వం. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం (2025లో సవరించారు), దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారమే అంతా నడుస్తుంది. నేల మీద తవ్వే బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది. కోనసీమలో ఇన్నేళ్లుగా గ్యాస్ తీస్తున్నా, ఆ కొబ్బరితోటల యజమానుల ఖాతాల్లో రాయల్టీ అనే పేరుతో ఏమీ పడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2013లో సుప్రీంకోర్టు మలబారు ప్రాంత భూముల కేసులో ఒక మాట చెప్పింది. చట్టం ద్వారా తీసేసుకుంటే తప్ప, భూమి కింది ఖనిజంపై హక్కు మామూలుగా భూమి యజమానికే ఉంటుందని. ఈ తీర్పును పట్టుకొని "కింద ఉన్నదంతా రైతుదే" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఉన్నారు. తీర్పు నిజమే. కానీ ప్రభుత్వ లీజు లేకుండా చమురు, గ్యాస్ చుక్క కూడా తీయడానికి వీల్లేదన్నదీ నిజమే. కాబట్టి ఆ తీర్పు ఫార్వర్డ్ చూసి కారు బుక్ చేయకండి.

అసలు మా ఊరి కింద గ్యాస్ ఉండే అవకాశమే తక్కువ. చమురు, గ్యాస్ పుట్టేది పొరలు పొరలుగా పేరుకున్న అవక్షేప శిలల్లో. కృష్ణా, గోదావరి డెల్టా అలాంటిది. కొత్తగూడెం నుంచి భూపాలపల్లి, రామగుండం దాకా సింగరేణి బొగ్గు పట్టీ కూడా అలాంటిదే. బొగ్గు ఉన్నచోట దాన్ని అంటిపెట్టుకొని మీథేన్ ఉంటుంది. మా దంతాలపల్లి వైపు కింద ఉన్నది గట్టి పాత రాయి. బోరు వేసిన ప్రతి రైతుకూ ఆ సంగతి తెలుసు, బిల్లు కట్టేటప్పుడు.

మరి జెండాలు ఎందుకు? మా కింద గ్యాస్ ఉందని కాదు. మా కింద నుంచి గ్యాస్ పోతుందని.

యూరియా బస్తా వెనక ఒక పైపు

పైపులైన్లు మన రాష్ట్రానికి కొత్తేం కాదు. కేజీ-డీ6 గ్యాస్ కోసం కాకినాడ నుంచి గుజరాత్ దాకా వేసిన పెద్ద లైన్ 2009 నుంచి తెలంగాణ నేల మీదుగానే పోతోంది. తర్వాత మల్లవరం నుంచి భోపాల్, భిల్వారా మీదుగా విజయ్‌పూర్ దాకా ఒక లైన్ తలపెట్టారు. అందులో ఆంధ్ర నుంచి రామగుండం దాకా ముక్క, దాదాపు 360 కిలోమీటర్లు, పాత ఖమ్మం, వరంగల్, కరీంనగర్ జిల్లాల వైపు నుంచి వచ్చింది. ఆ గ్యాస్‌తోనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 2021లో మళ్లీ యూరియా తీయడం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. సీజన్‌లో యూరియా కోసం చెప్పులు లైన్‌లో పెట్టి నిలబడ్డ రైతు, ఆ గ్యాస్ మరో రైతు చేను కింద నుంచి వచ్చిందని ఎప్పుడైనా అనుకుంటాడా?

అందుకే నేను పైపులైన్‌కు వ్యతిరేకిని కాను. నాయిన కూడా కాదు. "పోతే పోనియ్యి, మన లెక్క మనకియ్యాలె" అన్నదే ఆయన మాట. ఆ లెక్క ఏంటన్నదే అసలు ప్రశ్న.

1962 నాటి చట్టం, మీరు చదవాల్సిందే

పైపులైన్ కోసం కంపెనీ మీ భూమిని కొనదు. భూమి మీ పేరు మీదే ఉంటుంది, పాసు పుస్తకం మీదే, అమ్ముకునే హక్కూ మీదే. కంపెనీ తీసుకునేది "వాడుకునే హక్కు". 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ఇచ్చిన హక్కు అది. వినడానికి చిన్నగా ఉంటుంది. కానీ ఆ పట్టీలో తర్వాత మీరు ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెరువు తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. ఇంతకుముందు ఏం పండించుకున్నారో అది పండించుకోవచ్చు. పత్తి, మిర్చి, వరి ఓకే. మామిడి తోట కుదరదు.

పెద్ద లైన్లకు ఈ పట్టీ వెడల్పు 30 మీటర్ల దాకా ఉంటుంది. పైపు వెడల్పు చూసి "ఇంతేగా" అనుకోవద్దు. నాయిన మొదట అట్లే అనుకున్నాడు. టేపు తెచ్చి కొలిచాక గట్టు మీద కూర్చుండిపోయాడు.

మా లెక్క చెబుతా. మా చెలకలో లైన్ దాదాపు 65 మీటర్ల పొడవున పోతుంది. 30 మీటర్ల వెడల్పుతో గుణిస్తే 1,950 చదరపు మీటర్లు. అంటే 19 గుంటల పైచిలుకు. దాదాపు అరెకరం.

దానికి ఎంత ఇస్తారు? చట్టం రెండు రకాల డబ్బు చెబుతుంది. ఒకటి, పని వల్ల జరిగిన నష్టం: నిలిచి ఉన్న పంట, కొట్టేసిన చెట్లు, చేను రెండు ముక్కలై కొన్నాళ్లు అటు పోలేకపోవడం, ఇతర ఆస్తికి, ఆదాయానికి తగిలిన దెబ్బ. రెండోది, ఆ పట్టీ మార్కెట్ విలువలో 10 శాతం. పది శాతమే. ఇది అన్యాయమని గుజరాత్ రైతులు సుప్రీంకోర్టు దాకా పోయారు. 2016లో కోర్టు చట్టం సరైనదేనని తేల్చింది. భూమి పోవడం లేదు కదా, వాడకం మీద పరిమితే కదా అన్నది అందులోని తర్కం. నాకైతే ఆ తర్కం పత్తి చేనుకు సరిపోతుంది కానీ, రోడ్డు పక్కన రేపు ప్లాటు అయ్యే భూమికి సరిపోదనిపిస్తుంది. ఇల్లు కట్టకూడని ప్లాటును ఎవరు కొంటారు?

పది శాతం సరే, దేనిలో పది శాతం? ఇక్కడే అందరూ మునిగేది. ఉదాహరణకు ఎకరం ప్రభుత్వ విలువ 4 లక్షలు అనుకుందాం. మా 19 గుంటలకు 1 లక్షా 90 వేలు, అందులో పది శాతం 19 వేలు. అదే ఎకరం నిజంగా 30 లక్షలకు అమ్ముడుపోతుంటే పది శాతం లక్షా 42 వేలకు పైన వస్తుంది. తేడా చూశారా? మన దగ్గర రిజిస్ట్రేషన్ తక్కువకు చేయించుకొని, మిగతాది చేతిలో పెట్టుకునే అలవాటు ఉంది. స్టాంపు డ్యూటీలో మిగిలిందని సంబరపడతాం. ఇలాంటి రోజున ఆ కాగితమే మన మెడకు చుట్టుకుంటుంది. చుట్టుపక్కల ఎవరైనా నిజమైన ధరకు రిజిస్ట్రేషన్ చేయించుకున్న సేల్ డీడ్ ఉంటే, దాని సర్టిఫైడ్ కాపీ బంగారం. విలువ లెక్కగట్టే తేదీ కూడా గుర్తుంచుకోండి: మొదటి నోటిఫికేషన్ వచ్చిన రోజు నాటి ధర. పైపు వేసిన రోజుది కాదు, చెక్కు ఇచ్చిన రోజుది కాదు.

పరిహారం మొదట నిర్ణయించేది కాంపిటెంట్ అథారిటీ. ఎక్కువగా రెవెన్యూ నుంచి వచ్చిన అధికారి ఉంటారు. ఆ లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు. చెక్కు తీసుకునేటప్పుడు "నాకు పూర్తి సమ్మతమే" అన్న కాగితం మీద చూడకుండా సంతకం పెట్టి, తర్వాత కోర్టుకు పోతానంటే లాయర్లు తల పట్టుకుంటారు.

ఆ 21 రోజులు

జెండాలు పాతిన కొన్ని నెలలకు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఒక కాగితం అంటించారు. ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. దాని మీద మా సర్వే నంబర్ ఉందని పక్క చేను కాకా చెప్పాడు. అంకెలు చూస్తే నాయినకు అర్థం కాలేదు: 0-19-50. అది హెక్టార్లు, ఆర్లు, చదరపు మీటర్లు. మనం గుంటల్లో బతుకుతాం, గెజిట్ ఆర్లలో మాట్లాడుతుంది. ఒక ఆరు అంటే 100 చదరపు మీటర్లు, గుంట అంటే 101 పైన. దాదాపు సమానమే. ఇది తెలిస్తే కాగితం సగం చదివినట్టే.

దాన్ని 3(1) నోటిఫికేషన్ అంటారు. "ఈ భూముల్లో వాడుకునే హక్కు తీసుకోవాలనుకుంటున్నాం" అని చెప్పే ప్రకటన. గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇస్తే మిమ్మల్ని పిలిచి వినాలి, లాయర్‌ను తీసుకుపోవచ్చు. ఇవ్వకపోతే తర్వాత మొత్తుకున్నా వినేవాళ్లుండరు. ఆ ప్రకటన వచ్చిన ఏడాదిలోపు తుది ప్రకటన రాకపోతే మొదటిది రద్దయిపోతుంది. కేంద్ర గెజిట్‌ను ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే చూడొచ్చు. మీ జిల్లా పేరు కోసం పెట్రోలియం శాఖ ప్రకటనల్లో వెతకండి. రీల్స్ చూసే టైములో పదో వంతు చాలు.

మేం కాగితం చూసేసరికి అందులో తొమ్మిది రోజులు పోయాయి.

ఇంకో చిక్కు. మా చెలకలో సగం ఇంకా తాత పేరు మీదే ఉంది. తాత పోయి పదేళ్లు దాటింది. విరాసత్ చేయించుకుందాం, చేయించుకుందాం అనుకుంటూ పోయాం. ధరణి వచ్చింది, పోయింది, 2025లో భూ భారతి వచ్చింది, మా ఫైలు మాత్రం అటక మీదే ఉంది. పేరు కలవకపోతే పరిహారం ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు మాకంటే మాకంటే వాటాల తగాదా జిల్లా జడ్జి ముందుకు పోతుంది. మా ఊళ్లో సాదాబైనామా మీద కొన్నవాళ్ల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. డబ్బు కట్టింది వాళ్లు, దున్నేది వాళ్లు, రికార్డులో పేరు ఇంకొకరిది.

కౌలు రైతుల సంగతి కూడా చెప్పాలి. నష్టపరిహారం గురించి చెప్పేటప్పుడు చట్టం "యజమాని" అనే మాటతో ఆగలేదు, ఆ భూమిలో హితం ఉన్న ఎవరైనా అంది. అంటే పంట పోయిన కౌలుదారు కూడా అడగొచ్చు. కానీ కౌలు కాగితం ఎవరి దగ్గర ఉంది? మా పక్క చేను కౌలుకు చేసే అన్న మిర్చి వేశాడు. ఆయన దగ్గర ఉన్నది నోటిమాటే. నేను ఆయనకు ఒకటే చెప్పా: పంటను లొకేషన్, తేదీ పడేలా రోజూ ఫోటో తియ్యి, విత్తనాలు, మందుల బిల్లులు పారెయ్యకు, పంచనామా అప్పుడు అక్కడే నిలబడు. పంచనామాలో లేని చెట్టు, లెక్కలో లేని చెట్టే.

రాత్రికి రాత్రి బేస్‌మెంట్

చట్టంలో రైతుకు పనికొచ్చే ఒక గట్టి రక్షణ ఉంది. నోటిఫికేషన్‌కు ముందే నివాసానికి వాడుతున్న భూమి, శాశ్వత కట్టడం ఉన్న భూమి, ఇంటికి ఆనుకొని దానికి చెందిన స్థలం, వీటి కింద పైపు వేయకూడదు. నేల నుంచి మీటరు కన్నా తక్కువ లోతులోనూ వేయకూడదు.

ఇది వినగానే బావకు ఐడియా వచ్చింది. "మామా, రేపు పొద్దుగాల్ల వరకు బేస్‌మెంట్ పోసేద్దాం. నాలుగు ట్రాక్టర్ల ఇసుక చాలు."

నాయిన కూడా ఊగాడు. తొర్రూరులో మాకు తెలిసిన లాయర్ నవ్వాడు. "ముందే" అన్న మాట చట్టంలో ఊరికే లేదు అన్నాడు. నోటిఫికేషన్ తర్వాత కట్టిన దానికి రక్షణ లేదు, పరిహారంలో లెక్కా లేదు. పైగా తీసేయించే అధికారం ఉంది. ఇసుక డబ్బులు దండుగ. అక్క ఇల్లు కాగితం మీద ఉంది, నేల మీద లేదు. కాబట్టి మాకున్నది అభ్యంతరం ఒక్కటే.

అభ్యంతరంలో "మాకు పైపులైన్ వద్దు" అని రాస్తే ఎక్కడా నిలవదని ఆయనే చెప్పాడు. తమిళనాడు ప్రభుత్వమే అలా అని సుప్రీంకోర్టులో 2016లో ఓడిపోయింది. పొలాల్లో వద్దు, రోడ్ల వెంట వేయండి అన్నది దాని వాదన. రైతుకు పనికొచ్చేది "ఇటు కాదు, అటు" అని చూపించడం. మేం టిప్పన్ తీసి, గూగుల్ మ్యాప్ మీద గీసి, లైన్‌ను నలభై మీటర్లు వెనక్కి జరిపితే రోడ్డు పక్క బిట్టు తప్పుతుందని, అక్కడ అంతా మా చెలకే కాబట్టి వేరే రైతుకు నష్టం లేదని రాశాం. వాటితో పాటు ఇంటి ప్లాన్ కాపీ, విరాసత్ దరఖాస్తు రసీదు పెట్టాం.

కోనసీమ నుంచి ఒక ఫోన్

హాస్టల్‌లో నా రూమ్మేట్‌ది రాజోలు వైపు. గ్యాస్ అంటే ఏంటో పుట్టినప్పటి నుంచి చూసినవాడు. ఫోన్ చేస్తే మొదట అడిగింది డబ్బు సంగతి కాదు.

"లైన్ మీ ఇంటికి ఎంత దూరం?"

వాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు కారణం ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి, మంటలు ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. టీ పొయ్యి వెలిగించే వేళ. తేమ లేని గ్యాస్ కోసం వేసిన లైన్లో తడి గ్యాస్ పోవడం, లోపల తుప్పు పట్టడం కారణాలని విచారణలో తేలింది. ముందే వాసన వస్తోందని చెప్పినా పట్టించుకోలేదని ఊరివాళ్లు అప్పట్లో ఏడ్చారు.

"డబ్బులు ఒక్కసారి వస్తాయి రా. పైపు మీ పిల్లల దాకా ఉంటుంది. మార్కర్ పోస్ట్ మీద నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోమను ఊళ్లో అందరినీ," అన్నాడు.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. రిగ్ వచ్చే భూమి కథ వేరు. అక్కడ పట్టీ కాదు, ఎకరాలకు ఎకరాలు గ్రావెల్ పోసి చదును చేస్తారు. చాలాసార్లు మొదట లీజుకే తీసుకుంటారు, గ్యాస్ పడకపోతే వదిలేసి పోతారు. ఆ నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది. 2013 భూసేకరణ చట్టంలో దీనికి ఒక దారి ఉంది, తక్కువమందికి తెలుసు. ఆ చట్టం కింద తాత్కాలికంగా తీసుకుంటే మూడేళ్లకు మించి ఉంచుకోకూడదు. తిరిగి ఇచ్చేటప్పుడు భూమి మునుపటి వాడకానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, మీరే కొనండి అని అడిగే హక్కు రైతుకు ఉంది. నేరుగా లీజు రాసుకునేవాళ్లు కూడా ఇలాంటి షరతును ముందే రాయించుకోవడం మంచిది. భూపాలపల్లి బొగ్గు వైపు భూములున్నవాళ్లు ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పైపు వేశాక కూడా ఖాతా మూసుకుపోదు. రిపేరుకని మళ్లీ దిగి పంట తొక్కితే మళ్లీ నష్టం కట్టాలి. మన వైపు నుంచి జాగ్రత్త ఏంటంటే, జేసీబీ దింపేముందు అడగడం. దీనికి కేంద్రం 2023లో "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్ తెచ్చింది. మా ఊళ్లో జేసీబీ డ్రైవర్ ఫోన్లో ఫ్రీ ఫైర్ ఉంది, అది లేదు. నేనే ఎక్కించి వచ్చా.

విచారణ రోజు

అభ్యంతరం పద్దెనిమిదో రోజున ఇచ్చాం. విచారణకు పిలిచారు. నాయిన తెల్ల అంగీ తొడుక్కొని, మ్యాప్ చుట్ట చేతిలో పట్టుకొని వచ్చాడు. అధికారి ప్రశాంతంగానే విన్నారు. "ఇంజినీర్లను అడుగుతాం, వంపు తిప్పడానికి సాంకేతికంగా వీలుంటే చూస్తాం" అన్నారు. నాయిన ఒక్కటే అడిగాడు: "సారూ, మీరైతే మీ బిడ్డకు ఏం చెప్తరు?" ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఏదో రాసుకున్నారు.

తుది ప్రకటన ఇంకా రాలేదు. విరాసత్ మాత్రం అయింది, పాసు పుస్తకం నాయిన పేరు మీద వచ్చింది. ఇన్నేళ్లలో కానిది ఎర్ర జెండాల భయానికి అయింది. అభ్యంతరం ఇచ్చినప్పుడు ముద్ర వేసి ఇచ్చిన రసీదును ఆయన ఆ పాసు పుస్తకం కవర్‌లోనే పెట్టుకున్నాడు. మొన్న పండగకు పోతే అక్క ఇంటి ప్లాన్ కూడా అందులోనే మడతపెట్టి ఉంది. జెండాల బట్ట ఎండకు వెలిసిపోయింది, కర్రలు మాత్రం అట్లే ఉన్నాయి. నాయిన వాటిని పీకలేదు. చుట్టూ తిప్పి దున్నిండు.